గొర్రెల కాపరి 'పై'లో రసాయనశాస్త్రం

ఇంగ్లీషు కథల పుస్తకాలు చదివే అలవాటు ఉన్నవారికి 'షెపర్డ్స్ పై' అనే మాట ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. షెపర్డ్ అంటే గొర్రెల కాపరి. మరి 'పై' అంటే ఏమిటి? కజ్జికాయలో కొబ్బరి పూర్ణం పెట్టి చుట్టూ పిండితో మూసినట్లు, మైదాపిండి రొట్టె మధ్య మాంసమో, పండ్ల ముక్కలో పెట్టి కాల్చే వంటకాన్ని ఇంగ్లండులో 'పై' అంటారు. అయితే గొర్రెల కాపరి పైకి పిండి మూత ఉండదు. అడుగున ఖీమా కూర, దానిమీద మందంగా పరచిన బంగాళాదుంప ముద్ద. ఆ ముద్దే మూత. దాన్ని ఓవెన్‌లో పెట్టి, పైభాగం ఎర్రబడేదాకా కాలుస్తారు.

"ఇంతేనా! దీనికొక సైన్సు వ్యాసం కావాలా?" అని మీరు అనవచ్చు. కావాలి. మీ పాఠ్యపుస్తకంలో వేరువేరు అధ్యాయాలలో ఉన్న సాంద్రత, ఉష్ణవహనం, పిండిపదార్థాలు, మాంసకృత్తులు, సూక్ష్మజీవులు అన్నీ ఈ ఒక్క పళ్లెంలో పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి. అంతేకాదు, ఈ వంటకం సరిగా వండకపోవడం వల్ల ఒక మనిషి ప్రాణం పోయిన సంఘటన కూడా ఉంది. ఆ సంగతికి తరువాత వద్దాం.

మిగిలిన మాంసం, పేదవాడి దుంప

బ్రిటన్‌లో ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కూర్చుని పెద్ద మాంసపు ముక్కను కాల్చుకుని తినడం పాత ఆచారం. కొంత మాంసం మిగులుతుంది కదా! సోమవారంనాడు ఇల్లాలు ఆ మిగిలిన మాంసాన్ని సన్నగా తరిగి, ఉల్లిపాయలతో ఉడికించి, పైన బంగాళాదుంప పరచి మళ్లీ కాల్చేది. అలా పుట్టింది ఈ వంటకం. నార్‌ఫోక్ జిల్లాలో ఉండిన జేమ్స్ వుడ్‌ఫోర్డ్ అనే మతాచార్యుడు 1791లో తన దినచర్య పుస్తకంలో 'కాటేజ్ పై' తిన్నట్లు రాసుకున్నాడు. కాటేజ్ అంటే పల్లెలో పేదవాడి చిన్న ఇల్లు. 'షెపర్డ్స్ పై' అనే పేరు 19వ శతాబ్దం మధ్యలో వచ్చింది. గొర్రె మాంసంతో చేస్తే షెపర్డ్స్ పై అనీ, ఎద్దు మాంసంతో చేస్తే కాటేజ్ పై అనీ ఇప్పుడు తేడా చెబుతారు. పాత వంట పుస్తకాలలో ఈ పట్టింపు కనిపించదు. ఇంట్లో ఏది మిగిలితే అదే!

పేరులో పేదవాడి ఇల్లు ఎందుకు వచ్చిందో తెలియాలంటే బంగాళాదుంప సంగతి తెలియాలి. ఈ దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. అక్కడివాళ్లు వేల సంవత్సరాలుగా దీన్ని పండిస్తున్నారు. 16వ శతాబ్దంలో స్పెయిన్‌వాళ్లు దీన్ని ఐరోపాకు తెచ్చారు. మన దేశానికి పోర్చుగీసువాళ్లు తెచ్చారు. అందుకే పడమటి తీరంలో మరాఠీవాళ్లు నేటికీ దీన్ని 'బటాటా' అంటారు. మనం మాత్రం ఒకచోట బంగాళాదుంప, ఒకచోట ఆలుగడ్డ, రాయలసీమకు పోతే ఉర్లగడ్డ అంటాం.

కొద్దిపాటి నేలలో ఎక్కువ ఆహారం ఇచ్చే ఈ పంటను ఐర్లండులోని పేద రైతులు పూర్తిగా నమ్ముకున్నారు. చాలామంది 'లంపర్' అనే ఒకే ఒక రకం వేశారు. దుంప ముక్కను నాటితే మొలిచే మొక్క అచ్చంగా తల్లిమొక్కలాగే ఉంటుందని మీకు తెలుసు. అంటే ఊళ్లో పొలాలన్నీ ఒకే మొక్కకు నకళ్లు! 1845లో 'లేట్ బ్లైట్' అనే తెగులు వచ్చింది. ఒక మొక్కకు లొంగని గుణం లేకపోతే మరే మొక్కకూ లేదు. దుంపలు నేలలోనే కుళ్లిపోయాయి. ఆ తరువాత నాలుగైదేళ్లలో సుమారు పది లక్షలమంది ఆకలితోనూ, జబ్బులతోనూ చనిపోయారు. మరో పది లక్షలమందికి పైగా దేశం వదిలి ఓడలెక్కారు. అదే సమయంలో ఐర్లండు నుంచి ధాన్యం ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉంది. కాబట్టి తప్పంతా తెగులుదే అనడానికి లేదు.

ఏ దుంప మంచిది? ఉప్పునీటిని అడగండి

ఇక వంటకు వద్దాం. నలుగురికి సరిపోవాలంటే అరకిలో ఖీమా, తొమ్మిది వందల గ్రాముల బంగాళాదుంపలు, ఒక పెద్ద ఉల్లిపాయ, రెండు క్యారెట్లు, ఒక చెంచా మైదా, రెండు టమాటాలు, రెండు రెబ్బల వెల్లుల్లి, కొంచెం వెన్న, కొంచెం పాలు, ఉప్పు, మిరియాలు కావాలి. బ్రిటన్‌లో థైమ్, రోజ్‌మేరీ అనే సువాసన ఆకులు కూడా వేస్తారు. పొయ్యి దగ్గర, ఓవెన్ దగ్గర పెద్దవాళ్లను తోడు ఉంచుకోండి.

ముందు దుంపల సంగతి. వీటిలో రెండు స్వభావాలు ఉన్నాయి. కొన్ని ఉడికితే పొడిపొడిగా విడిపోతాయి. కొన్ని ఎంత ఉడికినా మైనంలాగా గట్టిగా, ముక్క ముక్కగానే నిలుస్తాయి. వేపుడుకూ, కూరకూ రెండోవి బాగుంటాయి. ముద్దకు మొదటివి కావాలి. ఇంగ్లండులో దీనికి 1902లో వచ్చిన 'కింగ్ ఎడ్వర్డ్' రకాన్నో, 1966లో విడుదలైన 'మారిస్ పైపర్' రకాన్నో వాడతారు. మన బజారులో దుంపల బుట్టమీద రకం పేరు రాసి ఉండదు కదా, ఎలా పోల్చుకోవడం?

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక గిన్నెలో నీళ్లు పోసి రెండు మూడు దుకాణాలలో కొన్న దుంపలను వేయండి. అన్నీ మునుగుతాయి. ఇప్పుడు ఉప్పు కొద్దికొద్దిగా వేసి కలుపుతూ పోండి. ఉప్పు కలిసినకొద్దీ నీటి సాంద్రత పెరుగుతుంది. ఒక దశలో ఒక దుంప మెల్లగా పైకి తేలుతుంది, మరొకటి ఇంకా అడుగునే ఉంటుంది. అడుగున ఉన్నదే మనకు కావలసినది! దుంపలో సుమారు 80 శాతం నీరే. మిగిలినదానిలో ఎక్కువ భాగం పిండిపదార్థం. పిండి నీటికంటే బరువైనది. పిండి ఎక్కువ ఉన్న దుంప సాంద్రత కూడా ఎక్కువ. అందుకే అది మునుగుతుంది. పలచని తొక్కతో వచ్చే కొత్త దుంపలలో సాధారణంగా పిండి తక్కువ. అవి ముందే తేలతాయి.

ఇంట్లో టింక్చర్ అయొడిన్ ఉంటే, కోసిన దుంప ముక్కమీద ఒక చుక్క వేసి చూడండి. నల్లని నీలిరంగు వస్తుంది. అది పిండి ఉన్నదనడానికి గుర్తు. ప్రయోగం చేసిన ముక్కను పారవేయండి, తినకూడదు.

ఇటుకలు, సున్నం

దుంపను ఒక గోడ అనుకోండి. కణాలు ఇటుకలు. ఒక్కొక్క ఇటుకలో పిండి రేణువులు నిండి ఉంటాయి. ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నంలాగా 'పెక్టిన్' అనే పదార్థం ఉండి అతికి ఉంచుతుంది. నీటిలో వేసి వేడి చేస్తే రెండు పనులు జరుగుతాయి. సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర పిండి రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బడం మొదలుపెడతాయి. వేడి ఇంకా పెరిగి మరిగే స్థితికి దగ్గరవుతుంటే పెక్టిన్ కరిగి అతుకులు వదులవుతాయి. అప్పుడు దుంపను ఎనిపితే ఇటుకలు పగలకుండా విడివిడిగా వస్తాయి. ప్రతి ఇటుకలోనూ పిండి భద్రంగా ఉంటుంది. నోట్లో వేసుకుంటే మెత్తగా, తేలికగా ఉంటుంది.

ఇదే దుంపను మిక్సీలో వేస్తే ఏమవుతుంది? పదునైన రెక్కలు ఇటుకలనే పగలగొడతాయి. ఉబ్బిన పిండి బయటికి వచ్చి, ముద్దంతా గోడమీద సినిమా బొమ్మలు అంటించే మైదా బంకలాగా సాగుతుంది. ఎంత వెన్న వేసినా అది బాగుపడదు. కనుక పప్పుగుత్తితో మెల్లగా, వేడిగా ఉన్నప్పుడే ఎనపండి. చల్లారిన దుంపలో అతుకులు మళ్లీ బిగుస్తాయి. అప్పుడు బలంగా నొక్కాలి, నొక్కితే ఇటుకలు పగులుతాయి.

దుంపలను మరిగే నీటిలో వేయాలా, చన్నీటిలో వేసి కాచాలా? చన్నీటిలోనే. మరిగే నీటిలో వేస్తే, వేడి లోపలికి చేరేలోగా పైపొర ఉడికి చితికిపోతుంది. నీటితోపాటే వేడెక్కితే లోపలికీ బయటికీ అంత తేడా ఉండదు. ఉడికాక నీళ్లు వంచి, గిన్నెను మళ్లీ పొయ్యిమీద ఒక నిమిషం ఉంచితే తడి ఆవిరై పోతుంది. నీరు పోయిన చోట వెన్నకూ, వేడి పాలకూ స్థలం దొరుకుతుంది.

మన వంటింటి అనుభవం ఒకటి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. పులుసు పెట్టేటప్పుడు, "ముక్కలు ఉడికాక చింతపండు రసం పొయ్యి, ముందే పోస్తే ముక్క ఉడకదు" అని మీ అమ్మమ్మ చెప్పే ఉంటుంది. ఆమె మాట అక్షరాలా నిజం. పులుపులో, అంటే ఆమ్లంలో, పెక్టిన్ త్వరగా కరగదు. ఇటుకల మధ్య సున్నం గట్టిగానే ఉండిపోతుంది.

ఇడ్లీ తెలుపు, దోసె ఎరుపు

ఇప్పుడు మాంసం. మన ఊళ్లలో మటన్ అంటే మేకపోతు కావచ్చు, పొట్టేలు కావచ్చు. పేరుకు తగినట్లు చేయాలంటే పొట్టేలు ఖీమా అడగండి. భుజం భాగం మంచిది. అక్కడ పని ఎక్కువ చేసే కండరాలుంటాయి. పని చేసే కండరాలలో 'కొల్లాజెన్' అనే మాంసకృత్తు ఎక్కువ. మూడు పోగులు పేనిన తాడులాంటి ఈ పదార్థమే మాంసాన్ని నమలడానికి గట్టిగా చేస్తుంది. కాని తడిలో, సన్నని సెగమీద, చాలాసేపు ఉడికితే ఆ పేట విడిపోయి 'జెలాటిన్'గా మారుతుంది. హైదరాబాదులో పొద్దున్నే తాగే పాయా చల్లారితే గడ్డకట్టి వణుకుతూ ఉంటుంది చూడండి, అది జెలాటిన్ పనే. గట్టి మాంసం మెత్తబడటానికీ, గుజ్జు చిక్కబడటానికీ కారణం ఒకటే అన్నమాట.

అయితే ఉడికించడానికి ముందు వేయించాలి. ఎందుకు? ఒక ప్రశ్న వేస్తాను. ఇడ్లీ, దోసె రెండూ మినప్పప్పు, బియ్యంతో చేసినవే. పులిసిన ఇడ్లీపిండితోనే దోసె కూడా పోయవచ్చు. మరి ఇడ్లీ తెల్లగా, దోసె ఎర్రగా ఎందుకు ఉంటాయి? వాసన కూడా ఎందుకు వేరు?

ఇడ్లీ ఆవిరిలో ఉడుకుతుంది. ఆవిరి వేడి 100 డిగ్రీలు దాటదు. దోసె ఇనప పెనం మీద ఉంటుంది. పెనం అంతకంటే చాలా వేడి. దోసె అడుగున ఉన్న నీరంతా ఆవిరై పోగానే అక్కడి వేడి 100 దాటి పైకి పోతుంది. సుమారు 140 డిగ్రీల దగ్గర మాంసకృత్తులలోని ఎమైనో ఆమ్లాలూ, చక్కెరలూ వేగంగా కలిసి గోధుమరంగు పదార్థాలనూ, వందలకొద్దీ సువాసన పదార్థాలనూ తయారుచేస్తాయి. లూయీ కమీ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1912లో ఈ చర్యను వివరించాడు. అందుకే దీన్ని 'మయార్ చర్య' అంటారు. రొట్టె కాలిన వాసన, కాఫీగింజ వేగిన వాసన, పెసరట్టు అంచు కరకర, అన్నిటిలోనూ ఇదే చర్య.

ఖీమాకు కూడా ఇదే సూత్రం. వెడల్పు మూకుడు బాగా కాచి, కొంచెం నూనె వేసి, ఖీమాను కొద్దికొద్దిగా వేయాలి. అరకిలో ఒకేసారి గుమ్మరిస్తే మాంసంలోని నీరు ఊరి, ఆవిరై పోయేలోగా ఇంకా ఊరుతూనే ఉంటుంది. మూకుడులో నీరున్నంతసేపూ వేడి 100 దాటదు. ఖీమా వేగదు, బూడిదరంగులో ఉడుకుతుంది. తినడానికి పనికిరాదని కాదు, రుచి రాదు. ఇంగ్లండుకు పోయిన మనవాళ్లు అక్కడి వంట చప్పగా ఉంటుందంటారు. సరిగా వేయించిన ఖీమా తింటే ఆ మాట అనరని నా నమ్మకం.

ఎర్రగా వేగాక ఖీమాను తీసి, అదే మూకుడులో ఉల్లిపాయ, క్యారెట్, వెల్లుల్లి మగ్గించాలి. మైదా చల్లి ఒక నిమిషం వేయించి, టమాటా గుజ్జు, ఒకటిన్నర గ్లాసుల నీళ్లు పోసి, ఖీమాను తిరిగి వేయాలి. మూకుడు అడుగున అంటిన గోధుమరంగు పొరను గరిటెతో గీకి కలపండి. రుచి అంతా అక్కడే ఉంది. పులుసు చిక్కబడటానికి మనం బియ్యప్పిండి కలపడం ఎందుకో, ఇక్కడ మైదా కూడా అందుకే. పిండి రేణువులు ఉబ్బి నీటిని పట్టి ఉంచుతాయి. సన్నని సెగమీద ముప్పావు గంట నుంచి గంటదాకా ఉడకనివ్వండి.

చివర్లో ఇంగ్లీషువాళ్లు నాలుగు చుక్కలు 'వూస్టర్ సాస్' వేస్తారు. వూస్టర్ అనే ఊళ్లో లీ అండ్ పెరిన్స్ అనే ఇద్దరు మందుల వ్యాపారుల సంస్థ 1837 నుంచి అమ్ముతున్న సాస్ అది. అందులో సిర్కా, ఉప్పులో ఊరిన నెత్తళ్లవంటి చిన్న చేపలు, వెల్లుల్లి, వీటితోపాటు మన చింతపండు కూడా ఉంటుంది! అది దొరకకపోతే ఒక చెంచా చింతపండు రసం, చిటికెడు బెల్లం వేయండి. చేప రుచి రాదు గాని పులుపు, తీపి కుదురుతాయి.

గీతలు ఎందుకు గీస్తారు?

కూరను లోతు తక్కువ పళ్లెంలో పోసి, కాసేపు గట్టిపడనివ్వాలి. పలచగా ఉండగానే దుంప ముద్ద వేస్తే అది మునిగిపోతుంది. ముద్దను ముందు అంచుల వెంట పెట్టి, తరువాత మధ్యకు రావాలి. అంచు మూసుకుంటే మరిగే గుజ్జు పైకి పొంగదు. ఆపైన ముళ్లచెంచాతో గీతలు గీస్తారు. అలంకారం కోసమే అనుకుంటారు చాలామంది. కాని గీతలవల్ల ఉపరితల వైశాల్యం పెరుగుతుంది. సన్నని శిఖరాలమీద నీరు త్వరగా ఆరిపోతుంది. ఆరిన చోట వేడి 100 దాటుతుంది. దాటిన చోట మయార్ చర్య మొదలవుతుంది. దోసెకు పెనం చేసిన పనినే ఇక్కడ వేడిగాలి చేస్తుంది. 200 డిగ్రీల దగ్గర పెట్టిన ఓవెన్‌లో అరగంట ఉంచితే శిఖరాలు ఎర్రగా, లోయలు తెల్లగా కనిపిస్తాయి. ఓవెన్ 200 డిగ్రీలలో ఉన్నా, పై లోపల మాత్రం తడి ఉన్నంతవరకు 100 దాటదు.

ఒక పంట పండుగ విందు

మొదట్లో ఒక దుర్ఘటన సంగతి చెబుతానన్నాను. 2018 అక్టోబరులో ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్ జిల్లాలో ఒక పల్లె చర్చివాళ్లు పంట పండుగ విందు చేసుకున్నారు. ఆ ఊరి భోజనశాలలో షెపర్డ్స్ పై వడ్డించారు. తిన్నవారిలో ముప్పైమందికి పైగా జబ్బుపడ్డారు. 92 ఏళ్ల వృద్ధురాలు ఒకామె చనిపోయింది. కేసు న్యాయస్థానానికి వెళ్లింది. విషం ఎవరూ కలపలేదు. మాంసాన్ని ముందురోజు హడావుడిగా వండిపెట్టి, మరునాడు వేడి దుంప ముద్దతో కలిపి వడ్డించారు. వండటంలో, చల్లార్చడంలో, తిరిగి వేడిచేయడంలో జాగ్రత్త లోపించింది.

మాంసం కూరలకు సంబంధించి తరచుగా పట్టుబడే దొంగ ఒకటి ఉంది. దాని పేరు 'క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్'. ఇది మట్టిలోనూ, జంతువుల పేగులలోనూ ఉండే బాక్టీరియా. పరిస్థితులు అనుకూలించకపోతే గట్టి కవచం కట్టుకుని సిద్ధబీజంగా మారుతుంది. మరిగే కూరలో కూడా ఆ సిద్ధబీజాలు చావవు. కూర మెల్లగా చల్లారుతూ 50 డిగ్రీల కిందికి రాగానే అవి మొలకెత్తుతాయి. వండటంవల్ల తోటి సూక్ష్మజీవులన్నీ చచ్చాయి, కూరలో గాలి కూడా పోయింది. దీనికి గాలి అక్కరలేదు. ఇంతకంటే సుఖం ఏముంది!

40, 45 డిగ్రీల మధ్య ఇది సుమారు పది నిమిషాలకొకసారి రెట్టింపు అవుతుంది. లెక్క వేసి చూడండి. ఒక్క బాక్టీరియంతో మొదలుపెడితే గంటకు ఆరు రెట్టింపులు, అంటే 64. రెండు గంటలకు 4,096. మూడు గంటలకు 2,62,144! గ్రాముకు కొన్ని లక్షలున్న కూర తింటే అవి పేగులలో చేరి విషపదార్థం విడుదల చేస్తాయి. ఆరోగ్యవంతులకు ఒక రోజు కడుపునొప్పి, విరేచనాలతో పోతుంది. ముసలివారికీ, బలహీనులకూ ప్రమాదం.

ఇక్కడ భౌతికశాస్త్రం మనకు సహాయం చేస్తుంది. చిక్కటి కూర నీళ్లలాగా కదలదు. కాబట్టి దానిలో ఉష్ణసంవహనం దాదాపు ఉండదు. వేడి పొరనుంచి పొరకు వహనం ద్వారానే పోవాలి. అలా పోయేటప్పుడు మందం రెట్టింపైతే చల్లారే సమయం సుమారు నాలుగు రెట్లు అవుతుంది. రెండు అంగుళాల మందాన గంటలో చల్లారే కూర, నాలుగు అంగుళాల మందాన నాలుగు గంటలు తీసుకుంటుంది. లోతైన గంగాళంలో నడిమి భాగం గంటలకొద్దీ గోరువెచ్చగానే ఉండిపోతుంది. అందుకని మిగిలిన కూరను వెడల్పు పళ్లేలలో పలచగా పోసి, ఒకటి రెండు గంటల్లో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. తిరిగి వేడిచేసేటప్పుడు కూడా ఇదే చిక్కు. అంచులు కుతకుతలాడుతుంటే మధ్య భాగం చల్లగా ఉండవచ్చు. చల్లని ఖీమామీద వేడి దుంప వేసినంతమాత్రాన ఖీమా వేడెక్కదు, దుంప ముద్ద మంచి ఉష్ణవాహకం కాదు. నట్టనడుమ 70 డిగ్రీల వేడి రెండు నిమిషాలు నిలవాలని బ్రిటన్ ఆహార అధికారులు చెబుతారు. ఉష్ణమాపకం లేనివారు మధ్యలోకి చెంచా గుచ్చి చూడాలి. పొగలు రావాలి, చెంచా చేతికి చురుక్కుమనాలి.

మన ఇళ్లలో రాత్రి పులుసును పొద్దున్నే ఒకసారి మరగబెట్టి పెట్టడం ఉంది. మంచి అలవాటే. మొలకెత్తిన బాక్టీరియా ఆ మరుగుకు చస్తాయి. కాని దానికీ ఒక హద్దు ఉంది. నిలవ ఉన్న అన్నంలో పెరిగే 'బాసిల్లస్ సీరియస్' వంటివి కొన్ని ఆహారంలోనే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మరిగించినా పోదు. కాబట్టి రోజంతా బయట పడి ఉన్నదాన్ని "మరగబెడితే సరిపోతుంది" అనుకోకండి.

ఓవెన్ లేనివారికి, మాంసం తిననివారికి

ఓవెన్‌లోంచి తీసిన పైని పది నిమిషాలు ఆగి వడ్డించండి. వేడిని పోనీయని ఆ మందమే నాలుకనూ కాలుస్తుంది. ఆగితే జెలాటిన్, పిండి కొంత గట్టిపడి ముక్క విడిపోకుండా వస్తుంది. పక్కన పచ్చిబఠాణీలు ఉడికించి పెట్టడం అక్కడి అలవాటు.

మాంసం తిననివారు ఖీమా బదులు ఎర్ర కందిపప్పో, మసూర్ గింజలో వాడవచ్చు. బ్రిటన్‌లో కూడా శాకాహారులు అలాగే చేస్తారు, కాపరి లేని పై అని సరదాగా పేరు పెట్టుకున్నారు. పప్పులో కొల్లాజెన్ ఉండదు కనుక మైదా ఒక చెంచా ఎక్కువ పడుతుంది. టమాటాను మాత్రం పప్పు ఉడికాకనే వేయండి, కారణం మీకు ఇప్పుడు తెలుసు.

ఓవెన్ లేకపోతే దుంప ముద్దను ఇనప పెనం మీద వెన్న రాసి, దిబ్బరొట్టెలాగా అంగుళం మందాన పరచి, సన్నని సెగమీద కదపకుండా ఉంచండి. ఈలోగా కూరను పక్క పొయ్యిమీద కుతకుతలాడనిచ్చి పళ్లెంలో పోయండి. పెనం అంచున ముద్ద గోధుమరంగు తిరిగి, కాలిన వెన్న వాసన రాగానే అట్లకాడతో వదులు చేసి కూరమీద బోర్లించండి. ఎర్రబడిన వైపు పైకి వస్తుంది.